తెల్లవారుజాము 3 దాటితే రొయ్యల చెరువు మీద కాపలా మనిషి నిలవడం లేదు. మెదడు సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

ఉండి_వనామీ
రాత్రి ఏరియేటర్ల (చెరువు నీళ్లకి గాలి పట్టించే యంత్రాలు) దగ్గర ఒకే మనిషి. సాయంత్రం 6 నుంచి ఉదయం 6. పగలు పడుకునే వస్తాడు. 1 దాకా హుషారుగా గట్టంతా తిరుగుతాడు, 3 దాటిందంటే కుర్చీలోనే తల వాలిపోతుంది. డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోయేది సరిగ్గా అప్పుడే. కరెంటు పోయేదీ అప్పుడే (ఇది సైన్సు కాదు, మన ఖర్మ). మనిషిని మార్చినా అదే కథ, ఫ్లాస్కు నిండా టీ పోసి ఇచ్చినా అదే కథ. ఇది బద్ధకమా, లేక మెదడులోనే ఏదైనా ఉందా? డ్యూటీ ఎలా వేస్తే నిలబడతాడు? "అలవాటైపోతుంది" అని మాత్రం అనకండి. మా చుట్టుపక్కల గట్ల మీద అందరూ అదే చెప్తున్నారు.

కాళ్ల_బాబాయ్
అలవాటైపోతుందండి.

నాడీమండలం
బాబాయ్ గారూ 😀

ఉండి గారూ, బద్ధకం కాదు. నిద్రని రెండు వేర్వేరు వ్యవస్థలు నడుపుతాయి. బోర్‌బెలీ అనే శాస్త్రవేత్త 1982లో వీటిని విడదీసి చూపించాడు, ఇప్పటికీ ఆ లెక్కే నడుస్తోంది.

ఒకటి నిద్ర ఒత్తిడి. మెదడు కణాలు ఏటీపీ (కణానికి ఇంధనం లాంటిది) ఖర్చు పెట్టేకొద్దీ ఎడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. నిద్రలో, అందులోనూ మొదటి మూడు నాలుగు గంటల గాఢనిద్రలో, గబగబా తగ్గుతుంది.

రెండోది గడియారం. రెండు కళ్ల నరాలూ ఒకదాన్నొకటి దాటే చోటికి సరిగ్గా పైన, మెదడు అడుగున హైపోథాలమస్ అనే భాగంలో, సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అని ఉంటుంది. పక్కకి 10 వేల చొప్పున మొత్తం 20 వేల కణాలు, అంతే. ఒంటి వేడి, కార్టిసాల్, మెలటోనిన్ అనే హార్మోన్లు ఎప్పుడు పెరగాలో ఎప్పుడు తగ్గాలో అదే చెప్తుంది. రాత్రి 10కి పడుకుని 6కి లేచే అలవాటున్న ఒంట్లో వేడి బాగా అడుక్కి దిగేది సుమారు 4 గంటలకి. చురుకుదనం అడుగంటేదీ ఆ చుట్టుపక్కలే.

ఇప్పుడు మీవాడి లెక్క చూడండి. పొద్దున 7కి పడుకుని 12కి లేచాడనుకుందాం. తెల్లవారుజామున 4కి 16 గంటల మెలకువ ఒత్తిడి, దానిమీద గడియారం అడుగు. ఆ రెండూ ఒకేసారి పడితే ఏ మనిషైనా వాలిపోతాడు. చెరువులోనూ రాత్రంతా నాచు, రొయ్యలు, అడుగు బురద అన్నీ ఆక్సిజన్ తీసుకోవడమే, ఇచ్చేది లేదు. కాబట్టి డీవో కూడా సూర్యోదయానికి ముందే అడుగంటుతుంది. మనిషికీ చెరువుకీ గండం గంట ఒకటే.

తణుకు_మాష్టారు
గడియారం అంటున్నారు. దానికి 24 గంటలని ఎవరు చెప్పారు? బయట సూర్యుణ్ణి చూసి నడుస్తోందా, లోపల దాని సొంతమా?

నాడీమండలం
సొంతమే, కానీ కాస్త నెమ్మది. వెలుగు సూచనలు లేకుండా ఉంచి కొలిస్తే మనుషుల్లో సగటు 24 గంటల మీద ఇంకో 10, 12 నిమిషాలు వస్తుంది. ఆ తేడాని రోజూ పగటి వెలుగు సరిచేస్తుంది. లోపల సొంత గడియారం ఉందన్న మాట మొక్కల దగ్గర మొదలైంది. 1729లో దె మైరాన్ అనే ఫ్రెంచాయన అత్తిపత్తి లాంటి మొక్కని చీకట్లో పెడితే, వెలుగు లేకపోయినా ఆకులు పగటి వేళకి విచ్చుకున్నాయి.

కణం లోపల జరిగేది ఇది: క్లాక్, బీమాల్1 అనే ప్రొటీన్లు పీరియడ్, క్రిప్టోక్రోమ్ జన్యువుల్ని ఆన్ చేస్తాయి. వాటినుంచి తయారైన ప్రొటీన్లు పోగై, కేంద్రకంలోకి తిరిగొచ్చి, తమని ఆన్ చేసినవాటినే ఆపేస్తాయి. తర్వాత అవి మెల్లగా కరిగిపోతాయి, మళ్లీ మొదలు. ఈ చుట్టు ఒకసారి తిరగడానికి ఒక రోజు. పండ్ల ఈగల్లో పీరియడ్ జన్యువు ఆచూకీ 1971లో కొనోప్కా, బెంజర్ పట్టారు. అది ఎలా పనిచేస్తుందో విప్పినందుకు హాల్, రోస్‌బాష్, యంగ్‌లకి 2017లో నోబెల్ వచ్చింది.

కోనసీమ_కుర్రోడు
ఈగకి కూడా నోబెలా? మా దోమలకి ఎప్పుడిస్తారో. సాయంత్రం 6 కొట్టగానే డ్యూటీ ఎక్కుతాయి, ఒక్కరోజు నాగా లేదు.

అమలాపురం_ఫార్మసీ
దోమలకీ గడియారం ఉంది, నవ్వులాట కాదు. మలేరియా దోమ రాత్రి కుడుతుంది, డెంగీ దోమ పగలు కుడుతుంది. వాటి గడియారాల తేడానే.

ఉండి గారి ఫ్లాస్కు గురించి చెప్తా. కెఫీన్ నిద్రని తీసెయ్యదు. ఎడినోసిన్ కూర్చోవలసిన గ్రాహకాల మీద తను కూర్చుంటుంది, అంతే. కింద ఎడినోసిన్ పోగవుతూనే ఉంటుంది. ఒంట్లో సగం కరగడానికి సగటున 5 గంటలు, కొందరికి ఇంకా ఎక్కువ. 4 గంటలకి తాగిన దాంట్లో సగం 9కి కూడా ఒంట్లోనే. ఇంటికెళ్లి 7కి పడుకుంటే నిద్ర పట్టినా పలచగా పడుతుంది. ఒత్తిడి దిగదు, మర్నాడు రాత్రి ఇంకా ఘోరం. టీ కప్పుకి 30 నుంచి 50 మిల్లీగ్రాములు, కాఫీ అయితే 60 నుంచి 100 దాకా. ఒకేసారి రెండు గ్లాసులు కొట్టించకుండా 10, 12, 1.30కి ఒక్కో కప్పు. 2 తర్వాత ఫ్లాస్కు మూత బిగించెయ్యాలి.

ఇంకోటి, జలుబు మాత్ర. క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న మాత్ర వేసుకుని కాపలాకి వస్తే ఎన్ని టీలు పోసినా దండగే.

ఉండి_వనామీ
జలుబు మాత్రకీ దీనికీ సంబంధం ఏంటండి? ముక్కు కారకుండా ఆపేదే కదా?

నాడీమండలం
ఆ మాత్ర హిస్టమిన్‌ని అడ్డుకుంటుంది. ముక్కులో హిస్టమిన్ కారుస్తుంది. మెదడులో మాత్రం మెలకువగా ఉంచే రసాయనాల్లో అదొకటి. హైపోథాలమస్ వెనక భాగంలో హిస్టమిన్ కణాలు, మెదడు కాండంలో నార్ఎడ్రినలిన్, సెరొటోనిన్ కణాలు, ఇవన్నీ మెలకువ పక్షం. ముందు భాగంలో వీఎల్‌పీఓ అనే గుంపు నిద్ర పక్షం. ఒకదాన్నొకటి నొక్కేసుకుంటాయి. ఏదో ఒకటే పైన ఉండాలి, మధ్యలో నిలవడం కుదరదు. ఓరెక్సిన్ అనే మూడోది మెలకువ వైపు ఆనుకుని నిలబెడుతుంది. 1998లో కనుక్కున్నారు. ఆ కణాలు పోయినవాళ్లకి నార్కొలెప్సీ వస్తుంది, మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రలోకి జారిపోతారు.

హైపోథాలమస్ ముందు భాగం దెబ్బతింటే నిద్ర రాదని, వెనక భాగం దెబ్బతింటే నిద్ర వదలదని మొదట గమనించింది వియన్నాలో వాన్ ఎకొనొమో. మొదటి ప్రపంచయుద్ధం కాలంలో వచ్చిన మెదడువాపు రోగుల్లో చూశాడు. పాత పరిశీలనే, కానీ తర్వాత వచ్చిన యంత్రాలన్నీ అదే నిజమన్నాయి.

పాత రకం జలుబు మాత్రలు మెదడులోకి దూరతాయి. ఫెక్సోఫెనడిన్ లాంటి కొత్త రకాలు చాలా తక్కువ. డాక్టర్ని అడిగి మార్పించండి.

కాళ్ల_బాబాయ్
ఇంత చదివాక కూడా నా మాట అదే. ఏళ్ల తరబడి రాత్రులు చేసేవాళ్లు లేరా? ఐస్ ఫ్యాక్టరీల్లో, లారీల మీద? వాళ్లకి మెదడు లేదా?

కాకినాడ_నర్సింగ్
ఉన్నారు బాబాయ్ గారూ, ఒళ్లు తట్టుకుంటుంది. గడియారం తిరగదు. ఎప్పుడూ రాత్రి డ్యూటీయే చేసేవాళ్లలో కూడా గడియారం పూర్తిగా రాత్రికి మారినవాళ్లు బహు కొద్దిమంది. ఎందుకంటే పొద్దున ఇంటికెళ్లే దారిలోనే ఎండ కొడుతుంది. సెలవు రోజు మళ్లీ మామూలుగా పగలు తిరుగుతారు. గడియారానికి రాత్రి పగలుగా కనబడే అవకాశమే ఉండదు.

తట్టుకోవడానికి ఖరీదు కూడా ఉంది. గడియారాన్ని చెడగొట్టే షిఫ్టు పనిని డబ్ల్యూహెచ్‌ఓ కేన్సర్ పరిశోధన సంస్థ 2007లో "బహుశా కేన్సర్ కారకం" జాబితాలో పెట్టింది, 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. సుగర్, గుండె సంగతి వేరే. అర్ధరాత్రి తిన్న అన్నానికి ఇన్సులిన్ సరిగా పలకదు. పెద్ద భోజనం 9 లోపు చేసేసి, 1కి రెండు ఇడ్లీలో, అరటిపండో. 2 గంటలకి కోడికూర భోజనం పెట్టించే యజమానులున్నారు, ప్రేమ కొద్దీ. ఆ ప్రేమ పగటి పూట చూపించండి.

కోనసీమ_కుర్రోడు
కోడికూర మీద చెయ్యి వేస్తే ఊరుకునేది లేదు. గమనించగలరు.

లైటు_మనిషి
ఎవరూ వెలుగు దాకా రాలేదు. అసలు కీలకం అక్కడుంది.

కంట్లో రెటీనాలో చూపుకి పనికొచ్చే కణాలు కాక, మెలనాప్సిన్ అనే వెలుగు పసిగట్టే పదార్థం ఉన్న గాంగ్లియన్ కణాలు కొన్ని ఉంటాయి. బొమ్మ చూడడం వాటి ముఖ్యమైన పని కాదు, వెలుగెంత ఉందో లెక్కకట్టి నేరుగా గడియారానికి పంపుతాయి. 480 నానోమీటర్ల నీలానికి బాగా స్పందిస్తాయి. తెల్ల ఎల్‌ఈడీకి పెద్ద శిఖరం 450 దగ్గర, కాబట్టి అది వాటికి గట్టిగానే తగులుతుంది. గడియారం నుంచి సంకేతం వెన్నుపాములోకి దిగి, మెడలోని నరాల ముడి మీదుగా మళ్లీ పైకెక్కి మెదడులోని పీనియల్ గ్రంథికి చేరుతుంది. అక్కడ మెలటోనిన్ తయారీ ఆగుతుంది.

వెలుగు గడియారాన్ని ఎటు తోస్తుందన్నది వేళని బట్టి ఉంటుంది. ఒంటి వేడి అడుగంటే వేళకి ముందు వెలుగు పడితే గడియారం వెనక్కి జరుగుతుంది, అంటే ఆలస్యంగా నిద్ర. తర్వాత పడితే ముందుకి. మీవాడికి 6.30కి ఇంటిదారిలో కొట్టే ఎండ రెండో రకం. రాత్రంతా కష్టపడి వెనక్కి జరిపిన కాస్తా అక్కడ చెడిపోతుంది. అందుకని: రాత్రి 8 నుంచి 2 దాకా షెడ్డులో ముఖానికి దగ్గరగా గట్టి తెల్ల లైటు. 3 నుంచి పసుపు బల్బు, తక్కువ వెలుగు. పొద్దున నల్ల కళ్లద్దాలు.

భీమవరం_బైకు
నల్ల కళ్లద్దాల దగ్గర ఆగండి. రాత్రంతా మేలుకున్నవాడు, కాలవ గట్టు రోడ్డు మీద, ఎదురుగా ఇసుక ట్రాక్టరు, వీడి కళ్లకి నల్లద్దాలు. ఇది గడియారం సరిచెయ్యడమా, మనిషిని కాలవలో దించడమా?

17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానమని 1997లో ఆస్ట్రేలియాలో కొలిచారు. 24 గంటలైతే 0.10. మన మోటారు వాహనాల చట్టంలో పరిమితి 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03. తాగనివాడు తాగినవాడి కంటే ప్రమాదం. కునుకు 2, 3 సెకన్లే ఉంటుంది, కళ్లు తెరిచే ఉండొచ్చు. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో 3 సెకన్లంటే 33 మీటర్లు. గట్టు రోడ్డుకి అంత వెడల్పు ఎక్కడుంది?

లైటు_మనిషి
ఒప్పుకుంటా. బండి తానే నడిపితే అద్దాలు వద్దు. టోపీ అంచు కిందికి లాగితే చాలు. వేరేవాళ్లు దింపేటట్టయితేనే అద్దాలు. లేదా షెడ్డులోనే 20 నిమిషాలు పడుకుని, లేచి ముఖం కడుక్కుని, ఇంకో పావుగంట ఆగి బయల్దేరాలి.

కానీ పసుపు బల్బు మాట వదులుకోను.

భీమవరం_బైకు
3కే లైటు తగ్గిస్తే వాడు 3.10కే పడుకుంటాడు మరి. చెరువుకి ప్రాణం కావాల్సిన గంటలో షెడ్డు చీకటి చేస్తారా?

నాడీమండలం
ఇక్కడ బైకు గారి మాటే గట్టిది. రొయ్య ప్రాణం మీదికొచ్చే గంటలో గడియారం గొడవ పక్కన పెట్టి మెలకువకే ఓటు. తెల్ల వెలుగు గడియారాన్ని జరపడం ఒక పని, అప్పటికప్పుడు చురుకు పెంచడం ఇంకో పని. రెండోది 4కి కూడా పనిచేస్తుంది. అసలు ఒకే మనిషిని 12 గంటలు కూర్చోబెట్టి లైట్లతో సర్దడం కంటే, రాత్రిని ఇద్దరికి పంచితే ఈ గొడవ సగం ఉండదు.

ఉండి_వనామీ
ఇద్దరు సరే. ఎక్కడ కొయ్యాలి? 12కి కోద్దామనుకుంటున్నా.

కాకినాడ_నర్సింగ్
12కి వద్దు. రెండోవాడు 9కి పడుకుని 11.45కి లేస్తే అతనికి దక్కేది మూడు గంటలు కూడా కాదు, మళ్లీ 4కి వాలిపోతాడు. 2.30కి కొయ్యండి. మొదటివాడు 6.30 నుంచి 2.30. రెండోవాడు 8.30, 9కి అక్కడే షెడ్డు వెనక గదిలో పడుకుని 2 దాకా నిద్ర. గాఢనిద్ర భాగమంతా అందులో వచ్చేస్తుంది.

ముఖ్యమైన జాగ్రత్త: రెండోవాణ్ణి 2కి లేపండి, చార్జి 2.30కి ఇవ్వండి. గాఢనిద్రలోంచి లేచాక 15 నుంచి 30 నిమిషాలు బుర్ర పనిచెయ్యదు, పైగా అది గడియారం దిగిపోతున్న వేళ. లేవగానే జనరేటరు స్టార్ట్ చెయ్యమంటే ఏ స్విచ్చు ఏదో తేడా పడుతుంది. లేచాక ముఖం మీద నీళ్లు, తెల్ల లైటు కింద కూర్చోవడం, ఒక కప్పు టీ. తర్వాత ఇద్దరూ కలిసి డీవో మీటరు పెట్టి, అంకె పుస్తకంలో రాసి, అప్పుడు మొదటివాడు దిగాలి. ఇతనికి మాత్రం 2 తర్వాత టీ వద్దన్న లెక్క వర్తించదు, ఇతను రాత్రికి గానీ మళ్లీ పడుకోడు.

తణుకు_మాష్టారు
మొదటివాణ్ణి డ్యూటీకి ముందు ఓ గంట కునుకు తీసి రమ్మంటే? సాయంత్రం 6, 7 మధ్య, అన్నం తినేముందు.

నాడీమండలం
రాదు మాష్టారూ. మామూలుగా నిద్రపోయే వేళకి ముందు రెండు మూడు గంటలు గడియారం మెలకువని బాగా ఎగదోస్తుంది. రోజంతా పోగైన ఒత్తిడిని అదే మోస్తుంది, లేకపోతే సాయంత్రం 7కే అందరం వాలిపోయేవాళ్లం. 10కి పడుకునే అలవాటున్నవాడికి 7 నుంచి 9 దాకా నిద్ర పట్టడం చాలా కష్టం. మధ్యాహ్నం 2 నుంచి 4 అయితే గడియారం కాస్త వదులిస్తుంది, అప్పుడు గంటన్నర పడుకోమనండి. గంటన్నరకి నిద్రలో ఒక చుట్టు పూర్తవుతుంది, లేచేటప్పుడు మత్తు తక్కువ. రెండోవాణ్ణి 8.30 లోపు మంచం ఎక్కించి లాభం లేకపోవడానికీ కారణం ఇదే.

మలికిపురం_అక్క
పగలు పడుకోవడం అంటే మా వైపు రేకుల ఇంట్లో ఏప్రిల్ మధ్యాహ్నం. నిద్ర అన్న మాటే హాస్యం. దానికి ఎవరైనా చెప్పండి.

లైటు_మనిషి
నిద్ర పట్టాలంటే లోపలి వేడి దిగాలి. చేతులు, కాళ్ల చర్మంలో రక్తనాళాలు తెరుచుకుని వేడి బయటికి పోతేనే దిగుతుంది. రేకుల కింద బయటే 38 డిగ్రీలుంటే పోవడానికి దారెక్కడ? గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేసి, తడి ఆరకుండానే ఫ్యాను కింద పడుకోవాలి. చల్లనీళ్లతో చేస్తే చర్మనాళాలు మూసుకుంటాయి, ఉపయోగం తక్కువ. రేకు మీద తాటాకు కప్పితే వేడి చాలా ఆగుతుంది. కిటికీకి నల్ల టార్పాలిన్ లోపలివైపు కాదు, బయటివైపు కట్టండి, ఎండ గదిలోకి రాకముందే ఆగుతుంది. చెవుల్లో దూది. ఫోను వేరే గదిలో.

కోనసీమ_కుర్రోడు
గుడి మైకుకి ఏం కట్టాలి?

మలికిపురం_అక్క
దానికి దండం పెట్టాలి.

మెలటోనిన్ మాత్ర సంగతేంటి? గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు డబ్బాలు తెస్తున్నారు, 10 మిల్లీగ్రాములవి.

అమలాపురం_ఫార్మసీ
10 అనవసరం. గడియారాన్ని జరపడానికి 0.5 నుంచి 3 మిల్లీగ్రాములు సరిపోతుంది. మెలటోనిన్ నిద్రమాత్ర కాదు, "రాత్రయింది" అని గడియారానికి అందే కబురు. ఎక్కువ వేస్తే కబురు ఎక్కువసేపు మోగుతూ ఉంటుంది, లేచాక మత్తు. వేళ తప్పితే గడియారం తప్పు దిక్కుకి జరుగుతుంది, కాబట్టి డాక్టర్ని అడగకుండా వద్దు. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు మరీనూ.

మందు కొట్టి పగలు పడుకునే అలవాటు కొందరికుంది. తొందరగా పట్టేస్తుంది నిజమే. సగం రాత్రి, సారీ, సగం పగలు గడిచాక మెలకువ వచ్చేస్తుంది, కలల నిద్ర తెగిపోతుంది. గురక ఉన్నవాడికి ఊపిరి ఆగడాలు పెరుగుతాయి. గురక గట్టిగా పెట్టి, మధ్యలో ఊపిరాగి ఎగిసిపడే మనిషైతే డ్యూటీ ఎలా వేసినా నిద్ర తీరదు. ముందు స్లీప్ స్టడీ చేయించాలి.

తణుకు_మాష్టారు
కాస్త పక్కకి పోతున్నా, మన్నించాలి. రెసిడెన్షియల్ కాలేజీల్లో ఇంటర్ పిల్లల్ని 4.30కి లేపి స్టడీ అవర్ పెడుతున్నారు. ఈ లెక్కన అదీ తప్పేనా?

కాకినాడ_నర్సింగ్
పచ్చి తప్పు. పదహారు, పదిహేడేళ్లకి గడియారం సహజంగానే ఓ గంటా రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. 11కి ముందు నిద్ర పట్టదు, వాళ్ల అడుగు 5, 6 దగ్గరుంటుంది. 4.30కి లేపితే కాపలావాడికి 3కి ఉన్న స్థితే, చేతిలో ఫిజిక్స్ పుస్తకం తేడా. తెగ్గోసేది చివరి గంటల్లోని కలల నిద్రని, పగలు నేర్చుకున్నది సర్దుకోవడంలో దానికీ పాత్ర ఉంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో హైస్కూళ్లు 8.30కి ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది. మన దగ్గర 8.30కి మూడో టెస్టు రాస్తుంటారు.

కాళ్ల_బాబాయ్
సరే, ఒక్కటి ఒప్పుకుంటున్నా, కోడికూర పగలే పెట్టిస్తా. కానీ ఇద్దరు మనుషులంటే రెండు జీతాలండి. రొయ్య రేటు చూస్తున్నారా?

భీమవరం_బైకు
ఒక్క రాత్రి డీవో అంకె 2కి పడితే పోయే పంట ముందు రెండో జీతం ఎంత బాబాయ్? ఒకవేళ ఒక్కడే దిక్కయితే: కరెంటు పోగానే మోగే బ్యాటరీ సైరన్ షెడ్డుకి రెండు వైపులా పెట్టండి, ఒకటి మంచానికి అందనంత దూరంలో. డీవోని 2 గంటలకి, 3.30కి, 5కి కొలిచి రాయాలి, నిలబడి చెయ్యాల్సిన పనులన్నీ ఆ గంటల్లోకి జరపండి. చెక్ ట్రేలు (రొయ్య మేత తిన్నదో లేదో చూసే పళ్లేలు), ఏరియేటర్ల బెల్టులు చూడడం లాంటివి. కూర్చుని ఫోను చూసే పని 3 తర్వాత ఉండకూడదు. 1.30కి టీ తాగించి వెంటనే 20 నిమిషాలు పడుకోనివ్వండి, అంతసేపూ ఫోన్లో మీరో ఇంకొకరో మేలుకోవాలి. కెఫీన్ ఎక్కడానికి పట్టేది కూడా 20, 30 నిమిషాలే, లేచేటప్పటికి రెండూ కలిసొస్తాయి.

ఉండి_వనామీ
ఇద్దర్నే పెడతా. 2.30 కోత. ఒకడు పాతికేళ్లవాడు, ఇంకొకాయన యాభై అయిదు. ఎవర్ని ఎటు?

నాడీమండలం
పనిలేని రోజుల్లో వాళ్లంతట వాళ్లు ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తారో అడగండి. వయసు పెరిగేకొద్దీ గడియారం ముందుకి జరుగుతుంది, పెద్దాయన 8.30కి తేలిగ్గా నిద్రపోతాడు, 2కి లేపినా కుర్రాడంత విసుక్కోడు. కాబట్టి మామూలుగా ఆయన రెండో కోత, కుర్రాడు మొదటి కోత. ఒక్కసారి వేశాక వారం వారం తిప్పొద్దు. గడియారం మామూలుగా రోజుకి గంటకి మించి జరగదు, వారంలో సర్దుకునే లోపే మళ్లీ తిప్పేస్తారు. పెద్దాయనకి రాత్రి చూపు మసగ్గా ఉందేమో, కంట్లో శుక్లం ఉందేమో చూపించండి. శుక్లం పసుపెక్కితే నీలం వెలుగు లోపలికి తక్కువ వెళ్తుంది, గడియారానికి పగలు అందాల్సిన వెలుగూ తగ్గుతుంది. డీవో మీటరు అంకెలు కూడా కనబడవు, అది ఇంకో బాధ.

ఉండి_వనామీ
ఆయన మీటరుని చెయ్యి చాచి చూసేదందుకా! సోమవారం కంటి డాక్టరు దగ్గరికి పంపుతా. సైరన్ ఎన్ని ఓల్టులది తీసుకోవాలో బైకు గారు కాస్త చెప్పండి.

భీమవరం_బైకు
12 ఓల్టులది, పాత బండి బ్యాటరీ చాలు. కరెంటు ఉన్నంతసేపూ రిలే లాగి పట్టి ఉంచేలా, పోగానే వదిలేసి సైరన్‌కి దారిచ్చేలా కట్టించండి. మూడు ఫేజుల్లో ఏది పోయినా మోగాలి, ఒక్క ఫేజుకే కడితే మిగతావి పోయినప్పుడు తెలీదు. బ్యాటరీకి చార్జరు మర్చిపోకండి, వారానికోసారి మెయిన్ దించి మోగుతోందో లేదో చూడండి.